రూఫ్ అంచున ఐస్ కడుతోందా? ముందు అటిక్ ఎక్కి చూడండి

మిన్నియాపొలిస్ దగ్గర కొత్తగా ఇల్లు కొన్నాం, గట్టర్ పైన ఐస్ దిమ్మకట్టింది, బెడ్‌రూమ్ సీలింగ్ మూల తడి మరక వచ్చింది, రూఫర్ హీట్ కేబుల్ (రూఫ్ అంచున ఐస్ కరిగించే కరెంటు తీగ) అంటున్నాడు, వేయించమంటారా అని కదా మీరడిగింది. మేమూ ఆ చుట్టుపక్కలే ఉంటాం. మా ఇంటికి పాత ఓనర్ వేయించిన కేబుల్ ఉండేది, కరెంటు బిల్లు వచ్చేది, ఐసూ కట్టేది. అందుకే డబ్బు ముందు అటిక్ (సీలింగ్‌కీ రూఫ్‌కీ మధ్య ఖాళీ) బాగుచేయించడానికి పెట్టండి అంటాను.

ఇంట్లో వేడి గాలి సీలింగ్ సందుల్లోంచి అటిక్‌లోకి పోయి రూఫ్‌ని కింది నుంచి వెచ్చబెడుతుంది, బయట గడ్డకట్టే చలి ఉన్నా స్నో అడుగున కరిగి నీళ్ళు చూరు దాకా జారతాయి, చూరు కింద వెచ్చటి గది ఏదీ ఉండదు కాబట్టి అక్కడ మళ్ళీ గడ్డకడతాయి. ఆ గడ్డ ఆనకట్టలా పెరిగాక వెనక నిలిచిన నీళ్ళు షింగిల్స్ (రూఫ్ మీద పరిచిన పలకలు) కిందికి ఎక్కి మీ సీలింగ్‌లోకి దిగుతాయి.

స్నో పడిన మర్నాడు పొద్దున్నే రోడ్డు మీద నిలబడి చూడండి. పక్కిళ్ళ రూఫ్ తెల్లగా ఉండి మీదాని మీద మాత్రం షింగిల్స్ కనిపిస్తుంటే ఆ చోట కిందే వేడి పోతున్నట్టు. తర్వాత టార్చి పట్టుకుని అటిక్ ఎక్కండి. వేడి పోకుండా పరిచిన ఫైబర్‌గ్లాస్ ఎక్కడ మసిపట్టినట్టు నల్లబడిందో అక్కడే గాలి పైకి వస్తోంది, అందులోని దుమ్ము అంటుకుని అలా అవుతుంది. మా ఇంట్లో సీలింగ్ లైట్ల చుట్టూ, ప్లంబింగ్ పైపు పక్కన అలాగే ఉంది. బాత్రూమ్ ఫ్యాన్ గొట్టమైతే బయటికి పోకుండా అటిక్‌లోనే నోరు తెరుచుకుని ఉంది, ఆ ఆవిరి గడ్డకట్టి పైన మేకుల మొనలన్నిటికీ తెల్లగా మంచు. మన వంటల ఆవిరి సంగతి చెప్పనక్కర్లేదు, పైగా కొన్ని ఇళ్ళలో స్టవ్ మీది హుడ్ దాన్ని తిప్పి వంటింట్లోకే వదులుతుంది.

ముందు ఆ సందులన్నీ ఫోమ్, కాల్క్ (సందులు పూడ్చే పేస్టు)తో మూయించండి, అటిక్ తలుపు అంచులతో సహా. చిమ్నీ, ఫర్నేస్ గొట్టాల చుట్టూ మాత్రం ఫోమ్ వద్దు, రేకు, నిప్పుకు తట్టుకునే కాల్క్ వాడాలి. ఇన్సులేషన్ ఆ తర్వాతే. ఆర్-49 (ఇన్సులేషన్ వేడిని ఎంత ఆపుతుందో చెప్పే కొలత) కావాలంటే సెల్యులోజ్ (కాగితపు పొట్టు) సుమారు 14 అంగుళాలు పోయాలి. అది పోసేటప్పుడు చూరు కింది గాలి రంధ్రాలు మూసుకుపోకుండా బాఫిల్స్ (గాలికి దారి వదిలే పలకలు) పెట్టించండి, చాలామంది ఇక్కడే ఎగ్గొడతారు.

ఈ చలికాలం గడవాలంటే రూఫ్ రేక్ (స్నో కిందికి లాగే పొడవాటి కర్ర పార) కొనుక్కోండి. స్నో పడగానే నేల మీద నిలబడే, కరెంటు తీగలకు దూరంగా, కింది 3, 4 అడుగుల మేర లాగేస్తే చాలు. నిచ్చెన ఎక్కకండి. గొడ్డలితో, సుత్తితో కొట్టారా, ఐస్‌తో పాటు షింగిల్స్ కూడా ఊడొస్తాయి. ఉప్పు చల్లితే గట్టర్ తుప్పు పడుతుంది, కింద మొక్కలు చస్తాయి. నీళ్ళు ఇప్పుడే కారుతుంటే స్టీమ్‌తో కరిగించే వాళ్ళని పిలవండి, ప్రెషర్ వాషర్ తెస్తామంటే వద్దనండి.

కేబుల్ కావాలంటే అటిక్ పని అయ్యాక, ఇంకా ఐస్ కడుతున్న ఆ ఒక్క మూలకి వేయించుకోండి.