కాళ్లు లెక్కపెట్టే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

సంధిపాదులను, అంటే కీళ్ల కాళ్లున్న జీవులను, వర్గాలుగా విడదీయడం నేర్చుకుంటున్నావు కదా, కాళ్ల లెక్కతో మాత్రం మొదలుపెట్టకు. ఆరుంటే కీటకం, ఎనిమిదుంటే సాలీడు అనే సూత్రం పిల్లజీవుల దగ్గరే బోల్తా కొడుతుంది. గుడ్డులోంచి వచ్చిన గోమారి పిల్లకు ఆరే కాళ్లు. రోకలిబండ పిల్లకూ మొదట్లో సాధారణంగా మూడు జతలే. రెండూ కీటకాలు కావు.

ముందు తల చూడు. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం చాలు. స్పర్శశృంగాలు (తల మీది మీసాల్లాంటి కొమ్ములు) అసలే లేకపోతే అది సాలీడు, తేలు, గోమారి ఉన్న గుంపు. ఒక జత ఉంటే కీటకమో, జెర్రో, రోకలిబండో. రెండు జతలుంటే క్రస్టేషియన్, అంటే రొయ్యలు, పీతల గుంపు. రొయ్యలో ఆ రెండు జతలూ ఇట్టే కనిపిస్తాయి. పీతలో కళ్ల మధ్య పొట్టిగా ముడుచుకుని ఉంటాయి, సూదిమొనతో పైకి లేపాలి.

ఆ తర్వాతే కాళ్లు. అప్పుడు కూడా కాళ్లను కాదు, వాటి మొదళ్లను లెక్కపెట్టు. స్పిరిట్‌లో నిలవున్న సాలీడుకు కాళ్లు ఊడిపోవచ్చు, కాని వెల్లకిలా తిప్పితే కాక్సాలు (కాలు ఒంటికి అతికే మొదటి ముక్కలు) గాని, అవి ఊడిన గుంటలు గాని కనిపిస్తాయి. నోటి పక్కన కాళ్లలా కనిపించే పెడిపాల్పులను ఐదో జత కాళ్లుగా లెక్కేయకు. తేలు డెక్కలు కూడా పెడిపాల్పులే. గొంగళిపురుగులో ఉరం (తల వెనకున్న రొమ్ము భాగం) మీది మూడు జతలే నిజం కాళ్లు, వాటికి కీళ్లూ కొనన గోరూ ఉంటాయి. ఉదరం మీద మెత్తగా ఉన్నవి ఉత్త మిథ్యాపాదాలు. అవి ఐదు జతలకు మించితే అది సీతాకోకచిలుకల జాతి కాదు, కందిరీగల చుట్టమైన సాఫ్లై పిల్ల అయ్యుంటుంది.

రోకలిబండకు ఖండితానికి (ఒంటిలోని ఒక్కో కట్టుకు) రెండు జతల కాళ్లని పుస్తకంలో చదివి తల వెనకే వెతికితే దొరకవు. మొదటి ఖండితానికి కాళ్లే ఉండవు, తర్వాతి మూడింటికి ఒక్కో జతే. నడుము దగ్గర చూడు. జెర్రికి ఖండితానికి ఒక్క జతే, అందులో మొదటిది విషపు గోళ్లుగా మారి తల కిందికి చేరింది.

నోటి భాగాలు విప్పాలంటే బొద్దింకే మేలు. తలను పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ఒక రాత్రి ఉంచు. కండ కరిగి కైటిన్ (గట్టి పైపెంకు పదార్థం) మిగులుతుంది. ఎక్కువసేపు వదిలేస్తే రంగు పోయి కీళ్లు విడిపోతాయి. నీళ్లలో క్షారం వేయాలి గాని క్షారం మీద నీళ్లు పోయకూడదు. చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. నీటితో బాగా కడిగి, గ్లిజరిన్ చుక్కలో పరిచిపెట్టు. జంభిక (నమిలే దవడ వెనకున్న రెండో దవడ) పాల్ప్‌కు, అంటే తడిమి చూసే చిన్న కొమ్ముకు, ఐదు ముక్కలు, అధరం (కింది పెదవి) పాల్ప్‌కు మూడు. ఏది ఏదో తేలకపోతే ఇవే గుర్తు.

నిలవకు 70 శాతం ఆల్కహాల్ వాడు. అంతకంటే చిక్కనైతే కాళ్లు పెళుసెక్కి విరుగుతాయి, పలచనైతే కుళ్లుతుంది. పెద్ద నమూనాల్లోని నీరు ఆల్కహాల్‌ను పలచన చేస్తుంది కాబట్టి మర్నాడే మార్చు. చీటీ పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వెయ్యి. బాల్‌పెన్ సిరా కరిగిపోతుంది.

ఇక వర్గీకరణలో పాత పుస్తకాలు కీటకాలను జెర్రులకు దగ్గర చుట్టాలంటాయి. జన్యువుల లెక్క ప్రకారం అవి క్రస్టేషియన్ల కొమ్మ మీదే ఉన్నాయి. 1758లో వర్గీకరణ శాస్త్రవేత్త లినేయస్ పీతలనూ సాలీళ్లనూ కూడా కీటకాల కిందే రాశాడు, కాబట్టి గుంపుల పేర్లు మారడం చూసి కంగారుపడకు. నోటి భాగాలు తల లోపల దాగి ఉన్న స్ప్రింగ్‌టెయిళ్లను (మట్టిలో గెంతే చిన్న జీవులను) ఇప్పుడు ఆరుకాళ్ల జీవుల్లోనే ఉంచి, కీటకాలనుంచి మాత్రం వేరు చేస్తున్నారు. నీ చీటీ మీద పేరు పక్కన ఏ లక్షణం చూసి పెట్టావో కూడా రాయి.