అమ్మ పేరున ఉన్న ఇల్లు ఇప్పుడే అమ్మేయాలా?

ప్రశ్న: అమ్మకు 71 ఏళ్లు, రిటైర్డ్ టీచర్. నాన్న లేరు. అల్జీమర్స్ మొదటి దశ అని న్యూరాలజిస్టు చెప్పారు. హైదరాబాద్‌లో డిమెన్షియా ఉన్నవాళ్లను చూసుకునే కేర్ హోమ్‌లో నెలకు 60 వేలు, డిపాజిట్ 2 లక్షలు అడుగుతున్నారు. అమ్మకు పెన్షన్ 46 వేలు, ఎఫ్‌డీలు 28 లక్షలు, హనుమకొండలో ఇల్లు ఉన్నాయి. అన్నీ అమ్మ ఒక్కరి పేరునే. ఇల్లు అమ్మి బ్యాంకులో వేద్దామంటున్నాడు అన్నయ్య. ఏం చేయమంటారు?

జవాబు: అన్నయ్యను కొంచెం ఆగమనండి. డబ్బుకు మీకు ఇప్పుడు పెద్ద కరువేమీ లేదు. 60 వేలన్నది సాధారణంగా గది, భోజనం, ఆయా వరకే. డైపర్లు, మందులు, డాక్టరు ఫీజు విడిగా వేస్తారు కాబట్టి 72 వేలనుకోండి. పెన్షన్ 46, హనుమకొండ ఇల్లు అద్దెకిస్తే ఓ 12 వేలు. ఎఫ్‌డీల్లో 20 లక్షలు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌కు మారిస్తే, 8.2 శాతం వడ్డీతో మూడు నెలలకోసారి 41 వేలు, అంటే నెలకు 13,600 పైచిలుకు. దాదాపు సరిపోయింది. డిపాజిట్ పోను మిగిలే 6 లక్షలు ఆసుపత్రి అవసరాలకు ఉంచండి. ఆరోగ్య బీమా ఆసుపత్రి బిల్లు కడుతుంది గానీ హోమ్ ఫీజు కట్టదు.

60 వేల ఫీజు ఏటా 8 శాతం పెరిగితే అయిదేళ్లకు 88 వేలు దాటుతుంది. అప్పుడు ఇల్లు అమ్మక తప్పకపోవచ్చు. కానీ అప్పటికి అమ్మగారు సంతకం పెట్టే స్థితిలో ఉంటారా? నాకున్న టెన్షన్ అదే. తన తరఫున సంతకాలు చేసే అధికారమిచ్చే జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాయించుకుంటే చాలని చాలామంది ధీమాగా ఉంటారు. రాసిచ్చిన మనిషికి మతిస్థిమితం పోతే కాంట్రాక్టు చట్టం ప్రకారం ఆ జీపీఏ ముగిసిపోతుంది. ఆ తర్వాత గార్డియన్‌గా నియమించమని హైకోర్టు మెట్లెక్కాల్సిందే.

అందుకే హోమ్ వెతకడం కన్నా ముందు బ్యాంకుకు వెళ్లండి. అమ్మగారి సేవింగ్స్ ఖాతాలో, ఎఫ్‌డీల్లో మీ పేరు ఐదర్ ఆర్ సర్వైవర్‌గా, అంటే ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీసుకునేలా చేర్పించండి. పెన్షన్ ఖాతాలో పిల్లల్ని చేర్చుకోకపోవచ్చు. అలాగైతే నెలనెలా జాయింట్ ఖాతాకు డబ్బు వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇప్పించండి. ఆమెకు విషయం అర్థమవుతోందని డాక్టరు రాసిచ్చిన కాగితం తీసుకుని వీలునామా రిజిస్టర్ చేయించండి. ఇల్లు ఇప్పుడే మీ ఇద్దరి పేరున రాసివ్వడం, అంటే సెటిల్‌మెంట్ చేయడం మరో దారి. అయితే ఆమె పోషణ మీదేనన్న షరతు అందులో ఉండాలి. పిల్లలు ఆ షరతు తప్పితే 2007 నాటి సీనియర్ సిటిజన్ల చట్టం కింద ట్రిబ్యునల్ ఆ దస్తావేజును రద్దు చేయగలదు. ఈ సెటిల్‌మెంటైనా ఆమె తెలిసి, ఇష్టపడి చేయాలి. బతిమాలి, తొందరపెట్టి సంతకం చేయిస్తే రేపు మీ అన్నాచెల్లెళ్ల మధ్యే గొడవ.

హోమ్ వాళ్లను ఒక్కటి గట్టిగా అడగండి: మంచం పట్టాక కూడా ఉంచుకుంటారా, అప్పుడు ఫీజెంత? అది ఒప్పందంలో రాయించుకోండి. ఇక పన్ను సంగతి. పాత పన్ను విధానంలో డిమెన్షియా లాంటి కొన్ని జబ్బులకు సీనియర్ సిటిజన్ వైద్యానికి లక్ష వరకు మినహాయింపు ఉంది (1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో ఇది 80డీడీబీ సెక్షన్). వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నట్టు న్యూరాలజిస్టు ధ్రువీకరించాలి. ఆమెకు సొంత పెన్షన్ ఉంది కాబట్టి ఈ మినహాయింపును మీ రిటర్నులో కాదు, ఆమె రిటర్నులోనే చూపించండి.