కోరల్ ఫొటోలు మసకగా, నీలంగా వస్తున్నాయంటే

ఇంట్లో ఉప్పునీటి అక్వేరియంలో పెంచుతున్న కోరల్స్‌ (పగడాలు) ఫొటో తీస్తే పాలిప్స్ (కోరల్‌లో ఒక్కో చిన్న జీవి) మసకగా ఉన్నాయి, ఫొటో అంతా నీలం ముద్దలా ఉంది, లెన్స్ మార్చాలా అని అడిగారు. అక్కర్లేదండీ.

పక్కనుంచి, కాస్త పైనుంచి వంచి తీశానన్నారు కదా, మసకకి ముఖ్య కారణం అదే. లెన్స్ అక్వేరియం గాజుకి ఏటవాలుగా ఉంటే వెలుగు వంగిపోయి, అంచుల్లో రంగులు విడిపోతాయి. గాజు తుడిచి, లెన్స్‌ని దానికి సరిగ్గా 90 డిగ్రీల్లో పెట్టండి. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 1:1 దగ్గర (అంటే బొమ్మ సెన్సర్ మీద అసలు సైజులోనే పడేటప్పుడు) అపెర్చర్ ఎఫ్/8 పెట్టినా ఫోకస్‌లో ఉండేది సుమారు ఒక్క మిల్లీమీటరే. జోయాంథస్ (బొత్తాల్లాంటి పాలిప్స్ ఉండే రకం) నోటి చుట్టూ ఉన్న సన్నగీతలు పదునుగా వస్తే, టెంటకిల్స్ (చుట్టూ ఉండే మీసాల్లాంటివి) కొసలు అప్పటికే మసకబారతాయి. ఇక అవి నీటిలో ఊగుతుంటే చెప్పేదేముంది! పది నిమిషాలు పంపులన్నీ ఆపండి. సంప్ (అక్వేరియం కింద ఉండే ఫిల్టర్ తొట్టి) ఉంటే, పైనుంచి దిగే నీళ్లకి అందులో చోటుందో లేదో ముందే చూసుకోండి. ట్రైపాడ్, మాన్యువల్ ఫోకస్, షట్టర్ 1/125కి తగ్గకుండా.

నీలం సంగతి: చాలా కెమెరాల్లో వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) 10,000 కెల్విన్ దగ్గరే ఆగిపోతుంది, బాగా నీలంగా ఉండే రీఫ్ ఎల్‌ఈడీలకి (కోరల్ అక్వేరియం లైట్లకి) అది చాలదు. రంగులు తర్వాత సరిచేసుకోవడానికి వీలుండే రా (RAW) ఫార్మాట్‌లో తీయండి, లెన్స్ ముందు ఆరెంజ్ ఫిల్టర్ పెట్టండి. తెల్ల లైట్లు పెంచినా పనవుతుంది కానీ, నీలం వెలుగులో కోరల్స్‌కి వచ్చే ఆ మెరిసే ఆకుపచ్చ చచ్చిపోతుంది. నా ఓటు ఫిల్టర్‌కే.

అన్నట్టు, పంపులు ఆపగానే ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఫొటోల ధ్యాసలో నేనోసారి వాటిని మర్చిపోయి నిద్రకి కూడా ఉపక్రమించాను.