ఇంగ్లండ్ పాత ఇళ్లంటే మా అమ్మాయికి పిచ్చి... ఆర్కిటెక్చర్‌లో చేర్చమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. ఇంగ్లండ్ పల్లెల్లోని ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ ఇళ్ల వీడియోలు గంటల తరబడి చూస్తుంది. వాటి గురించే చదువుతానని, అక్కడికే పంపమని పట్టుబడుతోంది. బంధువులేమో కంప్యూటర్ సైన్స్‌లో చేర్చమంటున్నారు. ఏం చేయాలి? – ఒక తల్లి

జవాబు: టెన్షన్ పడకండమ్మా. పాపకు నచ్చింది వీడియోలో కనిపించే అందమా, ఇల్లు కట్టే తీరా అన్నది ముందు తేలాలి.

ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ అంటే యంత్రాల తయారీ కంటే చేతిపనికి విలువిచ్చిన పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్ కళా ఉద్యమం. అందులో పేరున్న రెడ్ హౌస్ ఆమె చూసే ఉంటుంది. లండన్ శివారు బెక్స్‌లీహీత్‌లో 1859-60లో డిజైనర్ విలియం మోరిస్ కోసం ఆర్కిటెక్ట్ ఫిలిప్ వెబ్ డిజైన్ చేసిన ఇల్లు. గోడలకు పూత లేదు, ఎర్ర ఇటుక అలాగే కనిపిస్తుంది. బయటి నుంచి వరస కుదరాలని చూడకుండా, లోపలి గదికి ఎక్కడ అవసరమో అక్కడ కిటికీ పెట్టారు. ఇంటి లోపలి అలంకరణ మోరిస్, స్నేహితులు కలిసి స్వయంగా చేసుకున్నారు. 1861లో ఆ పని నుంచే ఫర్నిచర్, రంగు అద్దాలు చేసే కంపెనీ పుట్టింది. సర్రేలోని మన్‌స్టెడ్ వుడ్ అనే ఇల్లు (1896-97) అయితే ఆ ప్రాంతపు బార్గేట్ రాయి, ఓక్ కలపతో కట్టింది. తోటల నిపుణురాలు గెర్‌ట్రూడ్ జెకిల్ కోసం దాన్ని గీసినప్పుడు ఆర్కిటెక్ట్ ఎడ్విన్ లుట్యెన్స్‌కు ముప్పై ఏళ్లు కూడా లేవు. ఢిల్లీలో మన నిజాంకు హైదరాబాద్ హౌస్ డిజైన్ చేసింది కూడా ఈయనే!

అంటే ఆ ఇళ్ల అందమంతా రాయి, కలప, పనివాడి చెయ్యి తెలియడంలో ఉంది. అందుకే పాపకు ఒక చిన్న పరీక్ష పెట్టండి. మీ బంధువుల్లో ఎవరికైనా పాత మండువా ఇల్లు ఉంటే, టేపు ఇచ్చి కొలతలు తీసి ప్లాన్ గీయమనండి. గోడ మందం ఎంత, దూలాలు దేని మీద ఆనాయి, మండువాలో పడ్డ వాన నీళ్లు ఎటు పోతాయి – అన్నీ రాయాలి. రెండో రోజు కూడా తనంతట తానే టేపు పట్టుకుంటే ఇంక అనుమానం అక్కర్లేదు.

డిగ్రీకే విదేశం వద్దని నా అభిప్రాయం. ఖర్చు సరే, ఇక్కడ ఆర్కిటెక్ట్‌గా రిజిస్టర్ కావాలంటే ఆ డిగ్రీకి మన కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ గుర్తింపు ఉండాలి. ఆర్కిటెక్చర్ డిగ్రీ బీఆర్క్ ఐదేళ్లు ఇక్కడే చదవనివ్వండి. హైదరాబాద్‌లో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ), విజయవాడలో ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) ఉన్నాయి. పాత కట్టడాల పరిరక్షణలో పీజీ ఢిల్లీ ఎస్‌పీఏలో ఉంది, ఇంగ్లండే కావాలంటే యార్క్ యూనివర్సిటీ ఉంది. మోరిస్, వెబ్ 1877లో పెట్టిన పాత కట్టడాల రక్షణ సంఘం నేటికీ పనిచేస్తోంది, శిక్షణ కూడా ఇస్తోంది.

ఒక మాట దాచను. మొదటి కొన్నేళ్లు జీతం సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితుల కంటే తక్కువే ఉంటుంది. ఇది పాపకు ఇప్పుడే చెప్పండి.

ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష నాటాతో పాటు జేఈఈ మెయిన్ కూడా రాయించండి. అప్లికేషన్‌లో బీఆర్క్ పేపర్ విడిగా ఎంచుకోవాలి. బీటెక్ పేపర్ ఒక్కటే టిక్ చేసి, గడువు దాటాక నా దగ్గరికి పరిగెత్తుకొచ్చేవాళ్లు ఏటా ఉంటారు.