మీ ప్రశ్న – మా జవాబు: పరదేశంలో ఫోను, టీవీ

ప్రశ్న: మా అబ్బాయి వచ్చే నెల ఎమ్మెస్ చదవడానికి అమెరికా పోతున్నాడు. ఇక్కడి ఫోను అక్కడ పనిచేస్తుందా? ఇక్కడి నంబరు బందు పెట్టాలా? – ఒక తండ్రి, మిర్యాలగూడ

జవాబు: బందు పెట్టకండి. బ్యాంకు, ఆధార్, చదువు లోను అన్నీ ఆ నంబరుకే ముడిపడి ఉంటాయి. వాడకుండా, రీచార్జి లేకుండా 90 రోజులు వదిలేస్తే ప్రీపెయిడ్ నంబరు రద్దవుతుంది, తర్వాత ఇంకొకరికి పోతుంది. అప్పుడు మీవాడి ఓటీపీలు ఆ కొత్తాయన ఫోన్లో మోగుతాయి.

సిమ్మును మీ ఫోన్లో వేసుకొని ఓటీపీ చదివి చెప్పొచ్చు అనుకుంటారు చాలామంది. యూపీఐ దగ్గర అది నడవదు. కొత్త ఫోన్లో యాప్ పెట్టినప్పుడు అదే ఫోన్లోని సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ పోవాలి. కాబట్టి సిమ్ము అతని వెంటే ఉండాలి. విమానం ఎక్కకముందే కంపెనీ యాప్‌లో ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించండి. ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ సిమ్ముకు డేటా రోమింగ్ మాత్రం ఆఫ్ చేయాలి. వచ్చే కాల్ ఎత్తినా పైసలు కట్ అవుతాయి, మెసేజ్ చదువుకుంటే చాలు. రీచార్జి గడువును ఇంటి దగ్గర మీరే చూసుకోండి.

ఇక ఫోను సంగతి. అమెరికాలో 3జీ 2022లోనే మూసేశారు. వోల్టీ (4జీ మీదనే కాల్ మాట్లాడే సౌకర్యం) లేని ఫోన్లో అక్కడ కాల్ కలవదు. ఇక్కడ కొన్న మోడళ్లలో అక్కడి బ్యాండ్లు (సిగ్నల్ వచ్చే తరంగాల వరుసలు) కొన్ని ఉండవు: అక్కడి టెలికాం కంపెనీల్లో టీ మొబైల్‌కు 71, 12 నంబరు బ్యాండ్లు, వెరైజన్‌కు 13 ముఖ్యం. ఇవి లేకపోతే రోడ్డు మీద సిగ్నల్ నిండుగా ఉండి, అపార్ట్‌మెంట్ లోపలికి పోగానే పడిపోతుంది. *#06# కొడితే వచ్చే ఐఎంఈఐ నంబరును (ఫోన్ గుర్తింపు నంబరు) ఆ కంపెనీ వెబ్‌సైట్లో వేసి చూడండి, పనిచేస్తుందో లేదో అదే చెప్తుంది. ఏటీ అండ్ టీ అయితే తన జాబితాలో లేని ఫోన్లను తీసుకోదు.

పోస్ట్‌పెయిడ్‌కు సోషల్ సెక్యూరిటీ నంబరు (అక్కడి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు నంబరు) అడుగుతారు, కొత్త విద్యార్థికి అది ఉండదు. ప్రీపెయిడ్ తీసుకుంటే ఆ గొడవ లేదు. మొదట ఒక్క నెలకే తీసుకొని, గదిలో, కాలేజీలో సిగ్నల్ చూసుకున్నాకే ఎక్కువ నెలలకు కట్టాలి. ‘ఫోన్ ఫ్రీ’ అనే ఆఫర్లో 24 లేదా 36 నెలలు నెలనెలా బిల్లులో తగ్గిస్తారు. మధ్యలో మానేస్తే మిగతా ఫోను ధర ఒక్కసారే మీద పడుతుంది.

అక్కడ ఐఫోన్ కొనే ఆలోచన ఉంటే ఇంకో మాట. 14వ మోడల్ నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకు సిమ్ పెట్టే గాడి లేదు, అన్నీ ఈసిమ్మే, అంటే ఫోన్ లోపలే ఉండే సిమ్. మన ప్లాస్టిక్ సిమ్ అందులో పట్టదు. ఈసిమ్‌గా మార్చే పని ఇక్కడే ముగించుకొని పోతే నయం.

ప్రశ్న: మా ఆయన దుబాయ్‌లో ఉన్నాడు. వాట్సాప్‌లో మెసేజ్ వస్తది కానీ కాల్ ఎత్తితే మాట రాదు. ఫోన్ ఖరాబైందా? – ఒక సోదరి, నారాయణపేట

జవాబు: ఫోన్ బాగానే ఉందమ్మా. యూఏఈలో వాట్సాప్ కాల్‌ను ఆపేశారు. రింగవుతుంది, ఎత్తితే ‘కనెక్టింగ్’ దగ్గరే ఆగుతుంది. రాతలు, ఫొటోలు, వాయిస్ మెసేజ్‌లు మాత్రం పోతాయి. అక్కడి ప్రభుత్వం అనుమతించిన కాల్ యాప్‌లలో బోటిమ్, గూగుల్ మీట్, జూమ్ ఉన్నాయి. బోటిమ్ అయితే మీ ఫోన్లోనూ వేసుకోవాలి, ఒక వైపే ఉంటే లాభం లేదు.

రూమ్‌మేట్లు వీపీఎన్ (నెట్‌లో మనం ఎక్కడున్నామో దాచే యాప్) వేసుకొమ్మంటారు. 2021 నాటి సైబర్ చట్టం ప్రకారం నేరం చేయడానికి, దాన్ని దాచడానికి వీపీఎన్ వాడితే జరిమానా 5 లక్షల దిర్హాముల నుంచి మొదలవుతుంది. ఒక ఫోన్ కాల్ కోసం అంత దూరం పోవద్దు. అక్కడి టైము మనకన్నా గంటన్నర వెనుక, ఆయనకు రాత్రి 9 అయితే మీకు పదిన్నర.

ప్రశ్న: షార్జాలో ఆరుగురం ఒకే గదిలో ఉంటం. ఇంటి నుంచి డీటీహెచ్ డబ్బా, గొడుగు తెచ్చుకుంటే తెలుగు చానళ్లు వస్తాయా? – ఒక పాఠకుడు, కల్వకుర్తి

జవాబు: తేవొద్దు. ఆ ఉపగ్రహ సిగ్నల్ మన దేశం మీదికే గురిపెట్టి ఉంటుంది, షార్జా చేరేసరికి పలచబడుతుంది. ఇంటి మీది చిన్న గొడుగు దాన్ని పట్టలేదు. పైగా ఆ కనెక్షన్ భారత్‌లో వాడుకోవడానికే ఇస్తారు, చాలా బిల్డింగుల్లో బాల్కనీలో డిష్ పెట్టనివ్వరు.

దారి ఇంటర్నెట్టే. అక్కడి టెలికాం కంపెనీల టీవీ ప్యాకుల్లో తెలుగు చానళ్లున్నాయా అడగండి, లేదంటే యప్ టీవీ లాంటిది ఆరుగురు పంచుకోండి. ఇక్కడ కట్టిన ఓటీటీ చందా అక్కడ తెరుచుకున్నా కొన్ని సినిమాలు కనపడవు, ప్రసార హక్కులు దేశానికో తీరుగా అమ్ముతారు. మొబైల్ డేటా మీద చూడాలనుకుంటే లెక్క వేసుకోండి: హెచ్‌డీ గంటకు సుమారు 3 జీబీ, మామూలు క్వాలిటీ 1 జీబీ. 20 జీబీ ప్యాకు హెచ్‌డీలో ఏడు గంటలు కూడా రాదు. వైఫై కనెక్షన్ ఎవరి ఎమిరేట్స్ ఐడీ (అక్కడి గుర్తింపు కార్డు) మీద తీసుకుంటారో బాకీ ఆయన మీదే ఉంటుంది. అతను వీసా క్యాన్సిల్ చేసుకునే ముందు కనెక్షన్ పేరు మార్పించాలి.

ప్రశ్న: బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్‌లో చదువుతున్న. ‘లీగల్ ఆక్యుపయర్’ (ఆ ఇంట్లో ఉంటున్నవారు) పేరుతో టీవీ లైసెన్సు కట్టమని ఉత్తరాలొస్తున్నయ్. నా దగ్గర టీవీయే లేదు. – విద్యార్థి, సొంతూరు సూర్యాపేట

జవాబు: లైసెన్సు టీవీ డబ్బాకు కాదు, ప్రత్యక్ష ప్రసారానికి. లాప్‌టాప్‌లో, ఫోన్లో చూసినా లెక్కే. మన న్యూస్ చానల్ యూట్యూబ్‌లో లైవ్‌గా వస్తున్నప్పుడు చూసినా, యప్ టీవీలో లైవ్ చానల్ పెట్టినా కావాలి. బీబీసీ కార్యక్రమాలు నెట్‌లో చూసే బీబీసీ ఐప్లేయర్‌కూ కావాలి. నెట్‌ఫ్లిక్స్‌లో పాత సినిమా చూస్తే అక్కర్లేదు.

2025 ఏప్రిల్‌లో ఏడాది రుసుమును 174.50 పౌండ్లు చేశారు, లేకుండా చూసి దొరికితే జరిమానా వెయ్యి పౌండ్ల దాకా. ఇల్లంతా కలిపి ఒకే అగ్రిమెంటు ఉంటే ఒక లైసెన్సు చాలు; గదికో అగ్రిమెంటు ఉంటే ఎవరిది వారిదే. నిజంగా లైవ్ ఏదీ చూడకపోతే ఆ ఉత్తరాలు పంపే లైసెన్సు సంస్థ వెబ్‌సైట్లో ‘లైసెన్సు అవసరం లేదు’ అని నమోదు చేయండి, ఉత్తరాలు ఆగుతాయి. ఏడాదికి కట్టి మధ్యలో ఇంటికి వచ్చేస్తే, వాడని పూర్తి నెలల డబ్బు దరఖాస్తు పెట్టి వెనక్కి తీసుకోవచ్చు.