మేనబావతో పెళ్లికి బ్లడ్ గ్రూపులు చూస్తే చాలా?

“మేనత్త కొడుకుతో సంబంధం అనుకుంటున్నారు. బ్లడ్ గ్రూపులు వేరు కాబట్టి భయం లేదంటున్నారు. మా చిన్నాయన తలసేమియాతో చిన్నప్పుడే పోయాడు. చేసుకోవచ్చా?” అని హనుమకొండ నుంచి అడిగారు.

ముందు ఆ గ్రూపుల ముచ్చట పక్కన పెట్టండి. ఒకరిది ఓ, ఇంకొకరిది బి అయినా తాత దగ్గరి జబ్బు జన్యువు ఇద్దరికీ వచ్చి ఉండొచ్చు. ముహూర్తానికి ముగ్గురు అయ్యగార్లను అడిగేవాళ్లు ఇక్కడ మాత్రం గ్రూపు కాగితంతోనే సరిపెడతారు.

మీ ఇంటి లెక్కే చూద్దాం. చిన్నాయనది బీటా తలసేమియా మేజర్ (ఒంట్లో రక్తం సరిగా తయారుకాక, జీవితాంతం ఎక్కించాల్సి వచ్చే జబ్బు) అయితే మీ తాత, నాయనమ్మ ఇద్దరూ క్యారియర్లే, అంటే తమకు జబ్బు లేకున్నా ఆ జన్యువును మోసేవాళ్లే. మీ బాపుకు, మేనత్తకు ఆ జన్యువు ఉండే అవకాశం చెరొక 3లో 2. మీకు, బావకు చెరొక 3లో 1. ఇద్దరికీ ఉంటే బిడ్డకు జబ్బు వచ్చేది 4లో 1 కాబట్టి, మూడూ గుణిస్తే (1/3 × 1/3 × 1/4) ఆ అవకాశం 36లో 1. పరీక్షలో ఇద్దరూ క్యారియర్లని తేలితే మాత్రం ప్రతి కాన్పుకూ 4లో 1.

సీబీపీ (రక్తకణాల లెక్క), హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాలు చెప్పేది) పరీక్షలు ఇద్దరూ చేయించుకోండి. ఎంసీవీ (ఎర్రకణం సైజు) 80 కంటే తక్కువ, హెచ్‌బీ ఏ2 (ఒక రకం హిమోగ్లోబిన్) 3.5 శాతం దాటితే దాదాపు క్యారియరే. ఐరన్ లోపం ఉంటే ఏ2 తగ్గి కనబడుతుంది. ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) చూసి, ఐరన్ వాడి, మళ్లీ చేయించాలి. ఏటూరునాగారం, ఉట్నూరు వైపు గిరిజన కుటుంబాలైతే సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగే వంశపారంపర్య జబ్బు) కూడా ఈ హెచ్‌పీఎల్‌సీలోనే బయటపడుతుంది. ఇద్దరూ క్యారియర్లైనా పెళ్లి ఆపాలని లేదు. కానీ గర్భం రాకముందే ఇద్దరి మ్యుటేషన్లు (జన్యువులో ఉన్న మార్పులు) డీఎన్ఏ పరీక్షలో తేల్చుకుంటేనే 11–13 వారాల్లో సీవీఎస్ (మాయ నుంచి చిన్న ముక్క తీసి బిడ్డకు జబ్బుందో లేదో చూసే పరీక్ష) పనికొస్తుంది. ఏడో నెలలో పరుగెత్తితే దారులు మూసుకుపోతాయి.

తలసేమియా లేదని తేలినా పని అయిపోలేదు. మామూలు దంపతుల్లో పుట్టుక లోపాలు 2–3 శాతం. మేనబావ పెళ్లిలో ఇంకో 2–3 శాతం కలుస్తుంది. మేనమామను చేసుకుంటే ఉమ్మడి జన్యువులు రెట్టింపు. తాతల కాలం నుంచీ మేనరికాలే అయితే ఇంకా ఎక్కువ. మూడు తరాల్లో చెవుడు, ఫిట్స్, పురిట్లో పోయిన పిల్లలు ఎవరెవరో రాసుకుని జెనెటిక్స్ డాక్టరుకు చూపించండి. హైదరాబాద్ నిమ్స్‌లో ఆ విభాగం ఉంది.

చట్టం సంగతి చిన్నదే. 1955 హిందూ వివాహ చట్టం అన్నాచెల్లెళ్ల పిల్లల పెళ్లిని నిషేధించి, ఆచారం ఉన్నచోట మినహాయించింది. మనవైపు ఆచారం ఉంది. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద మాత్రం, సర్కారు నోటిఫై చేసిన ఆచారం లేకుంటే కుదరదు.

“పుట్టినప్పుడే మాటైంది, పొలం ఇంట్లోనే ఉంటది” అనేది ఒప్పుకోలు కాదు. బిడ్డకు జబ్బొస్తే మాట పడేది కోడలే, జన్యువు ఇద్దరిదైనా. అందుకే రిపోర్టులు లగ్గం మాటకు ముందే, బావవి కూడా, అడిగి తీసుకోండి.