పాత హిట్లనే మళ్ళీ మళ్ళీ ఎందుకు అమ్ముతారు?

‘ఇంగ్లండు రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ పాత పాటలకే కొత్త అట్ట వేసి అమ్ముతూ ఉంటారు కదా, కొనడం దండగ కాదా?’ అని అడిగారు. దండగే అని తెలిసీ మూడు కొన్నవాణ్ణి, చెప్తాను.

మొదటిది ‘ఎకోస్’. 2001లో వచ్చింది, రెండు సీడీలు, 26 పాటలు. హాస్టల్లో రూమ్మేటూ నేనూ చెరిసగం వేసుకుని కొన్నాం. ఒక పాట పూర్తిగా ఆగకముందే ఇంకోటి అందుకుంటుంది. బ్యాండే అలా వాయించిందనుకున్నాం, వెర్రివాళ్ళం. తర్వాతెప్పుడో 1971 నాటి ‘మెడిల్’ ఆల్బమ్ వింటే తెలిసింది, ఆ సెట్టుకి పేరిచ్చిన పాటే అసలు 23 నిమిషాల పైచిలుకు. మాకు అమ్మింది పదహారున్నర!

రెండోది 1981 నాటి ‘ఎ కలెక్షన్ ఆఫ్ గ్రేట్ డ్యాన్స్ సాంగ్స్’. ఆ పేరే వెటకారం. వీళ్ళ పాటలకి డ్యాన్స్ చేసినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. అందులో ‘మనీ’ వింటుంటే ఏదో తేడా కొట్టింది. చిల్లర గలగలలు అవే, శాక్సోఫోన్ వాయించిందీ అదే డిక్ ప్యారీ, కానీ డ్రమ్స్ మాత్రం బ్యాండ్ డ్రమ్మర్ నిక్ మేసన్ చెయ్యి కాదు. ఆ పాట మొదట వచ్చిన 1973 ఆల్బమ్ పెట్టి, పక్కనే ఇది పెట్టి, నాలుగైదుసార్లు విన్నాను. ఆరా తీస్తే అసలు సంగతి బయటపడింది. అమెరికాలో బ్యాండ్ క్యాపిటల్ అనే రికార్డు కంపెనీ నుంచి కొలంబియా అనే ఇంకో కంపెనీకి మారింది. పాత రికార్డింగ్ ఇవ్వనంది క్యాపిటల్. దాంతో బ్యాండ్ గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ డ్రమ్స్‌తో సహా దాదాపు అన్నీ తనే వాయించి, పాటని మళ్ళీ రికార్డు చేశాడు.

మీ ప్రశ్నకి జవాబు చాలామటుకు ఇక్కడే ఉంది. బ్యాండ్ వెళ్ళిపోయినా టేపులు పాత కంపెనీ దగ్గరే ఉంటాయి. స్టూడియో ఖర్చు లేదు, కొత్త పాట కోసం ఎదురుచూడక్కర్లేదు. 1983లో క్యాపిటల్ కూడా తన దగ్గరున్నవాటితో ‘వర్క్స్’ అని ఒకటి వదిలింది. మన ఊళ్ళలో చీటీ రాసిచ్చి ఖాళీ క్యాసెట్లోకి పాటలు ఎక్కించుకునేవాళ్ళం కదా, అక్కడ ఆ చీటీ కంపెనీ రాస్తుంది. కాబట్టి కొనేముందు వెనక అట్ట మీద పాటల నిడివి చూడండి.

ఇంతకీ మూడోది, 2011లో వచ్చిన ‘ఎ ఫుట్ ఇన్ ద డోర్’, ఎందుకు కొన్నానంటే, హాస్టల్ ఖాళీ చేసేటప్పుడు ‘ఎకోస్’ మొదటి సీడీ నాకు, రెండోది రూమ్మేటుకి అని పంచుకున్నాం. ‘విష్ యు వర్ హియర్’ పాట వాడి దగ్గరే ఉండిపోయింది.